గుండె కండరంలో, నునుపు కండరంలో మయోసిన్ నియంత్రణను అంచెలంచెలుగా అర్థం చేసుకోవడం ఎలా?

ఒక మందు గానీ హార్మోను గానీ కండరం మీద ఏ ప్రభావం చూపుతుందో ముందుగా అంచనా వేయాలనుకునేవారు సాధారణంగా కణంలో కాల్షియం పెరిగిందా, తగ్గిందా అన్న దగ్గర మొదలుపెడతారు. అంతకంటే ముందు తేల్చుకోవలసింది ఆ కాల్షియం ఏ ప్రోటీన్‌ను అంటిపెట్టుకుంటుందన్నది. కండరం సంకోచించేది మయోసిన్ అనే ప్రోటీన్ తలలు ఆక్టిన్ అనే ప్రోటీన్ తంతువును పట్టి లాగినప్పుడు. గుండె కండరంలో కాల్షియం ఆక్టిన్ తంతువు మీదున్న ట్రోపోనిన్-సిని చేరుతుంది. రక్తనాళాలు, శ్వాసనాళాలు, పేగుల గోడల్లోని నునుపు కండరంలో ట్రోపోనిన్ లేదు కనుక కాల్‌మాడ్యులిన్‌ను చేరుతుంది. అంటే మొదటిదానిలో కాల్షియం మీట ప్రధానంగా ఆక్టిన్ వైపు, రెండవదానిలో మయోసిన్ మీదనే ఉందన్నమాట.

గుండె విషయంలో పాఠ్యపుస్తకాలు చెప్పే క్రమాన్ని ముందుగా రాసుకోండి. విద్యుత్ ప్రేరణతో కణంలోకి వచ్చిన కొద్దిపాటి కాల్షియం లోపలి నిల్వల నుంచి మరింత కాల్షియాన్ని విడుదల చేయిస్తుంది. అది ట్రోపోనిన్‌ను చేరగానే ఆక్టిన్‌ను కప్పి ఉంచే ట్రోపోమయోసిన్ పక్కకు జరిగి, మయోసిన్ తలలకు ఆక్టిన్ అందుబాటులోకి వస్తుంది. చాలా వివరణలు ఇక్కడే ఆగిపోతాయి గానీ, అసలు ఆసక్తికరమైన భాగం ఆ తర్వాతే ఉంది. మయోసిన్ తలలన్నీ పనికి సిద్ధంగా ఉండవు. కొన్ని మయోసిన్‌తో తయారైన మందపు తంతువు మీదికి ముడుచుకొని, కణానికి శక్తినిచ్చే ఏటీపీని అతి నెమ్మదిగా ఖర్చు చేస్తూ విశ్రాంతిలో ఉంటాయి. మయోసిన్-బైండింగ్ ప్రోటీన్-సి ఈ స్థితిని నిలబెట్టడానికి తోడ్పడుతుంది. ఆ ప్రోటీన్‌కు గానీ, మయోసిన్ తలను ఆనుకొని ఉండే చిన్న భాగమైన నియంత్రక తేలిక గొలుసుకు గానీ ఫాస్ఫేట్ చేరితే తలలు విడివడి ఆక్టిన్‌కు చేరువవుతాయి. కాబట్టి కాల్షియం ఏమాత్రం మారకపోయినా సంకోచ బలం మారగలదు. గుండె గోడ మందమయ్యే వంశపారంపర్య వ్యాధికి అమెరికాలో 2022లో ఆమోదం పొందిన మావాకామ్టెన్ ఈ సూత్రం మీదనే పనిచేస్తుంది: ఎక్కువ తలలను విశ్రాంతి స్థితిలో ఉంచి, అతిగా ఉన్న సంకోచాన్ని తగ్గిస్తుంది.

నునుపు కండరానికి వచ్చినప్పుడు రెండు ఎంజైములను ఎదురెదురుగా రాసుకోవాలి. నాలుగు కాల్షియం అయాన్లు చేరిన కాల్‌మాడ్యులిన్ మయోసిన్ తేలిక గొలుసు కైనేజ్‌ను ఉత్తేజపరుస్తుంది. ఆ కైనేజ్ 20 కిలోడాల్టన్ల నియంత్రక గొలుసులోని 19వ స్థానంలో ఉన్న సెరిన్ అనే అమైనో ఆమ్లానికి ఫాస్ఫేట్‌ను జతచేసినప్పుడే మయోసిన్ ఆక్టిన్‌తో చురుకుగా పనిచేస్తుంది. మయోసిన్ ఫాస్ఫటేజ్ ఆ ఫాస్ఫేట్‌ను తొలగిస్తుంది. ఈ రెండవ ఎంజైమును మరచిపోతే సగం ప్రశ్నలకు జవాబు దొరకదు. రో-కైనేజ్ అనే మరో ఎంజైము ఫాస్ఫటేజ్‌ను అణచినప్పుడు అదే కాల్షియం స్థాయిలో బిగువు పెరుగుతుంది. నైట్రిక్ ఆక్సైడ్ మార్గం కాల్షియాన్ని తగ్గించడంతోపాటు ఫాస్ఫటేజ్‌కు ఊతమిచ్చి నాళాన్ని సడలిస్తుంది.

ఈ పద్ధతిని అడ్రినలిన్‌కు స్పందించే బీటా గ్రాహకాల మీద ప్రయోగించి చూడండి. వాటిని ప్రేరేపిస్తే రెండు కండరాల్లోనూ కణంలో సంకేతాన్ని మోసే సైక్లిక్ ఏఎంపీ పెరుగుతుంది. గుండెలో కాల్షియం రాకపోకలు వేగవంతమై, ట్రోపోనిన్‌లోని మరో భాగమైన ట్రోపోనిన్-ఐకి, బైండింగ్ ప్రోటీన్-సికి ఫాస్ఫేట్ చేరి, సంకోచం బలపడుతుంది, సడలింపు కూడా త్వరగా పూర్తవుతుంది. శ్వాసనాళంలో మాత్రం కాల్షియం తగ్గి, కైనేజ్ పని మందగించి కండరం సడలుతుంది. సంకేతం ఒకటే అయినా ఫలితాలు ఎందుకు వేరయ్యాయో మీట ఎక్కడుందో చూస్తేనే తెలుస్తుంది.

ప్రయోగశాలలో నునుపు కండరాన్ని కొలిచేవారు బలాన్ని, తేలిక గొలుసు ఫాస్ఫారిలేషన్‌ను (దానికి ఫాస్ఫేట్ ఎంత చేరిందన్నదాన్ని) వేర్వేరు సమయాల్లో కలిపి నమోదు చేయాలి. సంకోచం మొదట్లో రెండూ కలిసి పెరుగుతాయి; తరువాత ఫాస్ఫారిలేషన్ బాగా తగ్గినా, ఏటీపీ ఖర్చు తక్కువగానే ఉన్నా బిగువు చాలాసేపు నిలుస్తుంది. లాచ్ స్థితి అని పిలిచే ఈ దశలో ఒక్కసారే నమూనా తీసి, ఫాస్ఫేట్ తక్కువగా ఉంది కాబట్టి కండరం సడలిందని నిర్ణయిస్తే ఆ నిర్ణయం తప్పవుతుంది.