పిల్లల స్కూల్లో ఏఐ రూల్ ఏంటో కనుక్కోవడం ఎలా (అమెరికాలో ఉన్న పేరెంట్స్ కోసం)

మావాడు ఎనిమిదో గ్రేడ్. వాడు సొంతంగా రాసుకున్న ఎస్సేని ఏదో డిటెక్టర్ ఏఐ రాసిందని పట్టేసింది, టీచర్ సున్నా వేసేసింది. అప్పటిదాకా అసలు రూల్ ఏముందో చూద్దామని నాకు తట్టనేలేదు. మీకా తిప్పలు రాకముందే చూసుకోండి.

ముందు మీ స్టేట్ ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్ సైట్లో ఏఐ గైడెన్స్ అని వెతకండి. కాలిఫోర్నియా, ఆరిగాన్ 2023లోనే ఇచ్చాయి, నార్త్ కరోలినా, వాషింగ్టన్ 2024 జనవరిలో ఇచ్చాయి, తర్వాత చాలా స్టేట్లు వరస కట్టాయి. దొరికింది కదా అని మొత్తం చదువుతూ కూర్చోకండి, 'షల్', 'మస్ట్' అన్న మాటలు ఎక్కడున్నాయో చూడండి చాలు. చాలావాటిలో కనిపించేవి 'షుడ్', 'మే'నే, అంటే అది సలహా, స్కూల్ డిస్ట్రిక్ట్ (మీ ఏరియా పబ్లిక్ స్కూళ్ళని నడిపే సంస్థ) పక్కన పడేసినా అడిగేవాడు లేడు. చట్టం సంగతి వేరు. టెనెసీ 2024లో ప్రతి స్కూల్ బోర్డూ ఏఐ పాలసీ పెట్టుకోవాల్సిందే అంది, ఒహాయో 2025 బడ్జెట్ బిల్లులో పెట్టి 2026 జూలై 1 గడువు ఇచ్చింది. అక్కడ కూడా లోపల ఏం రాసుకోవాలన్నది చాలావరకు డిస్ట్రిక్ట్‌కే వదిలేశారు.

కాబట్టి అసలు వెతకాల్సింది డిస్ట్రిక్ట్ సైట్లో. బోర్డు పాలసీలు చూడండి, తర్వాత స్టూడెంట్ హ్యాండ్‌బుక్‌లో అకడమిక్ ఇంటెగ్రిటీ అన్న చోట చూడండి, మాకైతే అక్కడ ఒక్క లైన్ దొరికింది, అదీ 'టీచర్ అనుమతి లేకుండా' ఏఐ వాడకూడదని. తేదీ కూడా చూడండి, ఇవి ఊరికే మారిపోతుంటాయి. న్యూయార్క్ సిటీ స్కూళ్ళు 2023 జనవరిలో చాట్‌జీపీటీని బ్లాక్ చేసి మే కల్లా మనసు మార్చుకున్నాయి.

డేటా గురించి ఒకే ప్రశ్న మెయిల్లో అడగండి: క్లాసులో వాడిస్తున్న ఈ ఏఐ యాప్‌తో, పిల్లల డేటా ఎలా వాడాలన్న అగ్రిమెంట్ డిస్ట్రిక్ట్‌కి ఉందా? స్టూడెంట్ రికార్డుల ప్రైవసీకి ఫెర్పా అనే ఫెడరల్ చట్టం ఉంది, పదమూడేళ్ళ లోపు పిల్లల ఆన్‌లైన్ డేటాకి కోపా అనే ఫెడరల్ చట్టం ఉంది, కొన్ని స్టేట్లకి వాటి పైన సొంత చట్టాలూ ఉన్నాయి. ఫోన్లో అడిగితే ఉందండీ అనేస్తారు, అందుకే మెయిల్.

ఇక డిటెక్టర్ గొడవ వస్తే మాత్రం గొంతు పెంచకండి, గూగుల్ డాక్స్‌లో వెర్షన్ హిస్టరీ తెరవండి. మావాడిది తెరిస్తే మూడు రాత్రుల పని కనిపించింది, ఒక పేరా రాసి, కొట్టేసి, మళ్ళీ అదే పేరా ఇంకా దరిద్రంగా రాసి. ఏ ఏఐ అలా రాయదు! చాట్‌జీపీటీ చేసిన ఓపెన్‌ఏఐ తన సొంత డిటెక్టర్నే కరెక్టుగా పట్టుకోవడంలేదని 2023 జూలైలో మూసేసింది, ఇంగ్లీష్ మాతృభాష కానివాళ్ళ రాతని ఈ డిటెక్టర్లు ఎక్కువగా తప్పు పడతాయని అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ వాళ్ళు చూపించారు, ఇది మన పిల్లలకి ఎక్కడ తగులుతుందో వేరే చెప్పక్కర్లేదు. వాషింగ్టన్ గైడెన్స్‌లో మనిషి, ఏఐ, మళ్ళీ మనిషి అని ఒక వరస ఉంది, అంటే మొదలూ చివరా మనిషే ఉండాలి. నేను టీచర్‌కి అదే లింక్ పంపి, మావాడి విషయంలో ఆ చివరి మనిషి ఎవరండీ అని మర్యాదగానే అడిగా.

సున్నా పోయింది. డిస్ట్రిక్ట్ పాలసీ మాత్రం ఇంకా డ్రాఫ్ట్‌లోనే ఉందంట. బోర్డు మీటింగ్‌లో పబ్లిక్ కామెంట్‌కి ముందే పేరు ఇవ్వాలి, నేను ఇచ్చేశా, మూడు నిమిషాలు ఇస్తారు.