ఒత్తిడిలో గాడి తప్పిన తిండిని ఎలా సరిచేసుకున్నానంటే

పని ఒత్తిడి బాగా ఉన్న రోజుల్లో నా తిండికి వేళాపాళా లేకుండా పోయింది. పగలు సరిగా తినకపోవడం, రాత్రి పొద్దుపోయాక ఫోన్ చూస్తూ తీపివీ వేయించినవీ కడుపు బరువెక్కేదాకా తినడం. ఒత్తిడి చాలాకాలం సాగితే ఒంట్లో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ పెరిగి ఆకలినీ, తీపి, కొవ్వు పదార్థాల మీద కోరికనీ పెంచుతుంది, దానికి నిద్ర కూడా తక్కువైతే ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ పెరగొచ్చు. అందుకే ముందు నిద్ర సరిచేసుకున్నాను, తిండి సంగతి ఆ తర్వాతే.

కఠినమైన డైట్‌ల జోలికి పోలేదు. పగలంతా కడుపు మాడ్చుకుంటే సాయంత్రానికి ఏది కనబడితే అది తినేస్తాం కదా, అందుకే వేళకు మూడు పూటలా తినడం మొదలుపెట్టాను, నాకు అన్నిటికంటే బాగా పనిచేసింది ఇదే. ప్రతి పూటా కూరగాయలు, ప్రొటీన్ ఉన్నదేదో ఒకటి. కడుపు నిండిన సంగతి మెదడుకు చేరడానికి ఇంచుమించు 20 నిమిషాలు పడుతుంది కాబట్టి మెల్లగా నమిలి తింటాను, మళ్ళీ వడ్డించుకునే ముందు కాసేపు ఆగుతాను.

ఇష్టమైనవి మానలేదు, ప్యాకెట్‌తో కూర్చోకుండా గిన్నెలో కొంచెం వేసుకుంటాను, అంతే. టెన్షన్‌లో ఏదైనా తినాలనిపిస్తే ముందు కాస్త నడుస్తాను, అప్పటికీ ఆకలిగా ఉంటే తింటాను, అందులో తప్పేం లేదు. ఒక పూట ఎక్కువైందని మర్నాడు పస్తుండను. అదుపు లేకుండా తినడం, తిన్నాక వాంతి చేసుకోవడం తరచూ జరుగుతుంటే మాత్రం దయచేసి ఒక్కరే భరించకండి, డాక్టర్‌ని కలవండి.