కొత్తగా అసెంబుల్ చేసిన కంప్యూటర్ ఆన్ కాకపోతే ఏం చేయాలి?

కేబినెట్ మూత బిగించి, పవర్ బటన్ నొక్కితే ఏమీ జరగలేదు. ఇలాంటప్పుడు చాలామంది మదర్‌బోర్డు కాలిపోయిందనే నిర్ణయానికి వచ్చేస్తారు. నిజానికి కొత్త కంప్యూటర్ల విషయంలో ఏ భాగమూ చెడిపోకుండానే, ఎక్కడో ఒక కనెక్టర్ పూర్తిగా దిగకపోవడం వల్ల ఈ పరిస్థితి ఎక్కువగా వస్తుంది. శివారు చేనుకు నీరందకపోతే డెల్టా రైతు కాలువ గట్టు వెంట పైకి నడిచి ఏ తూము దగ్గర ఆగిందో చూసుకున్నట్టే, ఇక్కడా గోడ దగ్గర మొదలుపెట్టి, కరెంటు నడిచే దారి వెంట ఒక్కొక్కటీ పరీక్షిస్తూ ప్రాసెసర్ దాకా రావాలి. మధ్యలో ఏదీ వదిలిపెట్టకూడదు. ఒకేసారి రెండు మార్పులు చేయకూడదు.

ముందుగా సమస్య ఏ రకానిదో తేల్చుకోండి. బటన్ నొక్కినా ఫ్యాన్ కదలక, ఒక్క లైటూ వెలగకపోతే అది కరెంటు అందని సమస్య. ఫ్యాన్లు తిరుగుతూ తెర మాత్రం నల్లగా ఉంటే కరెంటు అందుతున్నట్టే. ఆ కారణాలు వేరు. ఫ్యాన్ ఒక్కసారి కదిలి వెంటనే ఆగిపోవడం మూడో రకం. ఎక్కడో షార్ట్ అయినప్పుడు ఎస్‌ఎంపీఎస్ (గోడ నుంచి వచ్చే కరెంటును కంప్యూటర్ భాగాలకు తగ్గట్టు మార్చి అందించే పెట్టె) తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోయే సందర్భాల్లో ఇలా కనిపిస్తుంది.

మొదటి మెట్టు: గోడ

ఆ సాకెట్‌లో టేబుల్ ల్యాంపో ఫోన్ చార్జరో పెట్టి చూడండి. పొడిగింపు బోర్డునూ యూపీఎస్‌నూ పక్కన పెట్టి, కంప్యూటర్‌ను నేరుగా గోడ సాకెట్‌కు కలపండి. బ్యాటరీ పూర్తిగా దిగిపోయిన యూపీఎస్‌లు కొన్ని అసలు ఆన్ కావు. ఇంటి ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ రకానిదైతే, కొత్త తరం ఎస్‌ఎంపీఎస్‌లు దానిపై ఆగిపోవచ్చు. అందువల్ల ఈ పరీక్షలన్నీ కరెంటు ఉన్న సమయంలోనే చేయాలి.

వోల్టేజీ సంగతి కూడా చూడాలి. మన సరఫరా 230 వోల్టులు, 50 హెర్ట్జ్. లైన్ చివర ఉన్న ఊళ్లలో, వేసవి సాయంత్రాలు అది బాగా పడిపోవచ్చు. మంచి ఎస్‌ఎంపీఎస్‌లు 100 నుంచి 240 వోల్టుల వరకు పనిచేస్తాయి గానీ, చవక రకాలు కొన్నింటిపై 200–240 అని మాత్రమే ఉంటుంది. ఆ అంకెలు పక్కనున్న స్టిక్కర్‌పై కనిపిస్తాయి. పాత రకం ఎస్‌ఎంపీఎస్ వెనుక 115/230 అనే చిన్న ఎర్ర మీట ఉంటే అది 230 వైపే ఉండాలి. 115 దగ్గర పెట్టి ఆన్ చేస్తే ఎస్‌ఎంపీఎస్ పేలిపోతుంది.

కేబినెట్ ఇనుమును తాకితే వేలికి జివ్వుమనిపిస్తోందా? అయితే మూడో పిన్నుకు ఎర్తింగ్ లేదన్న అనుమానం బలపడుతుంది. భూగర్భజలం పైపైనే దొరికే కోనసీమలో మంచి ఎర్త్ వేయించడం కష్టమేమీ కాదు. అయినా పాత ఇళ్లలో ఆ మూడో రంధ్రం చాలాచోట్ల అలంకారంగానే మిగిలిపోయింది. కంప్యూటర్ ఆన్ కాకపోవడానికి ఇది కారణం కాకపోవచ్చు. అయినా ఎలక్ట్రీషియన్‌తో సరిచేయించాకే ముందుకు వెళ్లడం మంచిది.

రెండో మెట్టు: ఎస్‌ఎంపీఎస్, దాని కేబుళ్లు

వెనుక ఉన్న స్విచ్ సున్నా వైపు కాకుండా గీత వైపు ఉండాలి. నవ్వు తెప్పించినా, ఈ ఒక్క స్విచ్ దగ్గరే కథ ముగిసిన సందర్భాలు ఎన్నో ఉంటాయి. తరువాత ప్లగ్గు తీసేసి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుని, ఆపై కేబినెట్ తెరవండి. మన తేమ గాలిలో స్టాటిక్ (ఒంటిమీద పేరుకునే స్థిర విద్యుత్తు) భయం తక్కువే అయినా, భాగాలను ముట్టుకునే ముందు ఇనుమును ఒకసారి తాకడం మంచి అలవాటు. ఎస్‌ఎంపీఎస్ పెట్టెను మాత్రం ఎప్పుడూ విప్పకూడదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన చార్జి నిలిచి ఉంటుంది.

మదర్‌బోర్డుకు రెండు కేబుళ్లు తప్పనిసరి. ఒకటి 24 పిన్నులది. కొక్కెం టక్కున పడేదాకా గట్టిగా నొక్కాలి. రెండోది ప్రాసెసర్‌కు వెళ్లే 8 పిన్నులది. బోర్డు పై మూలలో, ఫ్యాన్ల మధ్య ఇరుక్కుని ఉండడంతో దీన్ని మరిచిపోవడం చాలా సులువు. ప్రాసెసర్ కేబుల్ 4+4గా, గ్రాఫిక్స్ కార్డు కేబుల్ 6+2గా విడిపోతాయి. ఒకదాని చోట మరొకటి బలవంతంగా దూర్చకూడదు. కేబుళ్లు విడిగా వచ్చే మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ అయితే దానితో వచ్చినవే వాడాలి. వేరే కంపెనీ కేబుల్ సరిగ్గా పట్టినట్టే కనిపించినా, వైర్ల వరుస వేరుగా ఉండి బోర్డును కాల్చేయవచ్చు.

మూడో మెట్టు: పవర్ బటన్

కేబినెట్ ముందు భాగం నుంచి వచ్చే సన్నని వైర్లను బోర్డు కింది అంచున ఉన్న చిన్న పిన్నులకు తగిలించాలి. ఏ పిన్ను ఏదో మాన్యువల్‌లోని బొమ్మ చూసి మాత్రమే నిర్ణయించండి. పవర్ స్విచ్ వైరును ఎటు తిప్పి పెట్టినా పనిచేస్తుంది. లైట్ల వైర్లకు మాత్రం ప్లస్, మైనస్ ఉంటాయి. అనుమానం తీరాలంటే ఆ వైరు తీసేసి, ప్లగ్గు పెట్టి, పవర్ స్విచ్‌కు చెందిన రెండు పిన్నులనూ స్క్రూడ్రైవర్ కొనతో ఒక్క క్షణం కలపండి. కంప్యూటర్ లేచిందంటే తప్పు బటన్‌దో దాని వైరుదో అన్నమాట.

నాలుగో మెట్టు: బోర్డును బయటపెట్టి చూడటం

ఇంతవరకూ ఫలితం లేకపోతే బోర్డును కేబినెట్ నుంచి తీయాలి. ఇది విసుగు పుట్టించే పనే గానీ దీన్ని మించిన పరీక్ష లేదు. కేబినెట్‌లో బోర్డు కింద ఉండి దాన్ని ఎత్తి పట్టే ఇత్తడి స్టాండాఫ్‌లలో (చిన్న కాళ్లలో) ఒకటి, రంధ్రం లేనిచోట మిగిలిపోయి బోర్డు వెనుక భాగాన్ని తాకితే షార్ట్ అవుతుంది. జారిపడిన స్క్రూ కూడా అదే పని చేస్తుంది. బోర్డును దాని అట్టపెట్టె మీద పెట్టండి. అది వచ్చిన మెరిసే సంచి మీద వద్దు, కొన్ని సంచుల పైపొర కరెంటును ప్రవహింపజేస్తుంది. ప్రాసెసర్, కూలర్, ఒకే ఒక్క ర్యామ్, ఆ రెండు పవర్ కేబుళ్లు ఉంటే చాలు. స్లాట్లు నాలుగుంటే ర్యామ్‌ను సాధారణంగా ప్రాసెసర్ నుంచి రెండో స్లాట్‌లో పెట్టాలి. స్క్రూడ్రైవర్‌తో ఆన్ చేయండి. లేస్తే తక్కిన భాగాలను ఒక్కొక్కటిగా కలుపుతూ, ప్రతిసారీ ప్లగ్గు తీసి, మళ్లీ ఆన్ చేసి చూడాలి. ఏది కలపగానే ఆగిపోయిందో దాని దగ్గరే తప్పు ఉంది.

అప్పటికీ లేవకపోతే మిగిలేవి ఎస్‌ఎంపీఎస్, బోర్డు, ప్రాసెసర్. స్నేహితుడి దగ్గర పనిచేస్తున్న ఎస్‌ఎంపీఎస్ దొరికితే దాన్ని, దాని సొంత కేబుళ్లతోనే, తగిలించి చూడటం అన్నిటికన్నా నమ్మదగిన మార్గం. 24 పిన్నుల కేబుల్‌లోని ఆకుపచ్చ వైరును నల్ల వైరుతో కలిపి ఎస్‌ఎంపీఎస్‌ను విడిగా ఆన్ చేసే పద్ధతి ఒకటి ఉంది గానీ, అన్ని వైర్లూ నల్లగా ఉండే ఈ కాలపు మోడళ్లలో ఊహించి కలపడం ప్రమాదం. పైగా ఏ భాగమూ కలపకుండా విడిగా ఆన్ అయిన ఎస్‌ఎంపీఎస్ బోర్డుకు కావలసినంత కరెంటు ఇవ్వగలదన్న హామీ లేదు.

ఫ్యాన్లు తిరిగి, తెర రాకపోతే

మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకే ఉందో లేదో చూడండి. ఇంటెల్‌లో చివర ఎఫ్ అక్షరం ఉన్న ప్రాసెసర్లకు సొంత గ్రాఫిక్స్ ఉండవు, అంటే కార్డు లేకుండా బొమ్మ రాదు. డీడీఆర్5 రకం (కొత్త తరం) ర్యామ్ ఉన్న కంప్యూటర్ మొదటిసారి కొన్ని నిమిషాలు నల్లతెరతో ఉండవచ్చు, తనంతట తాను రీస్టార్ట్ కావచ్చు. కంగారుపడి ప్లగ్గు లాగకండి. బోర్డుపై ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్, బూట్ పేర్లతో చిన్న లైట్లు ఉంటే, ఏది వెలిగి ఆగిపోయిందో అదే ఆచూకీ. ర్యామ్ తీసి మళ్లీ గట్టిగా నొక్కడం, ప్లగ్గు తీసి 2032 రకం బటన్ బ్యాటరీని కొద్ది నిమిషాలు బయట ఉంచడం తరువాతి ప్రయత్నాలు. బోర్డు కన్నా ప్రాసెసర్ కొత్తదైతే బయాస్ (కంప్యూటర్‌ను లేపడానికి బోర్డులోనే ఉండే ప్రోగ్రాం) అప్‌డేట్ అవసరం కావచ్చు. కొన్ని బోర్డులలో ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో ఆ పని జరుగుతుంది.

చివరికి ఏదో ఒక భాగం చెడిపోయిందని తేలితే, కాకినాడలోనో రాజమహేంద్రవరంలోనో కొన్న దుకాణానికి బిల్లుతో వెళ్లండి. ఆన్‌లైన్‌లో కొన్నవారు వాపసు గడువు దాటకముందే ఫిర్యాదు నమోదు చేయాలి. బోర్డును పంపేముందు సాకెట్ పిన్నులు వంగలేదని తెలిసేలా దగ్గరగా ఫొటో తీసుకుని, మొదట దానితో వచ్చిన ప్లాస్టిక్ మూతను సాకెట్‌పై తిరిగి బిగించాలి. వంగిన పిన్నులు కనిపిస్తే వారంటీ ఇవ్వరు, ఆ మూత లేని బోర్డును తీసుకోవడానికీ అభ్యంతరం చెబుతారు.