ఖవ్వాలీ పాఠాలు – 4: ఏడో మాత్ర మీద చప్పట్లు వద్దు

ఈ వారం గిరహ్ మొదలుపెడదామనుకున్నాను. గిరహ్ అంటే ముడి. పాడుతున్న పంక్తికి వేరే చోటి షేర్‌ను, అంటే రెండు పాదాల ఉర్దూ పద్యాన్ని, తెచ్చి ముడివేయడం. మూడో పాఠం తరువాత మీరు పంపిన రికార్డింగులు విన్నాక ఆ ఆలోచన మానుకున్నాను. చప్పట్లే నిలవకపోతే ముడి దేనికి వేస్తాం?



తంటా అంతా ఆదితాళం దగ్గర వచ్చింది. మీలో చాలామంది కర్ణాటక సంగీతం నేర్చినవారు. ఖవ్వాలీలో వేసే కహర్వా తాళానికి ఎనిమిది మాత్రలు, అంటే ఎనిమిది లెక్కలు, అనగానే చెయ్యి తనంతట తానే ఆదితాళం వేసేసింది. ఆదికీ ఎనిమిదే, కాదనను. అందులో ఒకటి మీద దెబ్బ వేసి, మూడు వేళ్లు లెక్కపెట్టి, అయిదు మీద, ఏడు మీద మళ్లీ దెబ్బ వేస్తాం. కహర్వా నాలుగూ నాలుగుగా విరుగుతుంది. మన చప్పట్లు ఒకటి మీద, అయిదు మీద, అంతే. ఏడు మీద పడే ఆ మూడో చప్పుడు, ప్రధాన గాయకుడు తరువాతి ముక్క ఎత్తుకోబోతుంటే నోటి మీద కొట్టినట్టు ఉంటుంది. ఒకరి రికార్డింగులో వరుసగా పదకొండు ఆవర్తాలు (తాళపు చుట్లు) ఇదే వరస. కూర్చుని లెక్కపెట్టాను.

హిందుస్తానీ నేర్చినవారు అయిదో మాత్ర ఖాలీ, అంటే చప్పుడు లేని మాత్ర, కదా అని చెయ్యి గాలిలో ఊపి ఊరుకున్నారు. ఖవ్వాలీలో చప్పట్లు కూడా ఒక వాద్యమే. వెనక వరుస అంతా గాలిలో చేతులు ఊపితే వినేవారికి ఏం వినబడుతుంది?

'ధా గె న తి, న క ధిం న' అని పలకమంటారు తబలా గురువులు. నేను మాత్రం 'బెజవాడ, బెజవాడ' అనుకుంటాను. నాలుగక్షరాలు, నాలుగు మాత్రలు, 'బె' మీద చప్పట్లు. దాద్రా అనే ఇంకో తాళానికి ఆరు మాత్రలు కాబట్టి 'గుంటూరు, గుంటూరు'. దీర్ఘం ఉంది కదా అని బెజవాడలో 'వా'ను సాగదీశారో, తాళం అక్కడే జారిపోతుంది. 'గుం' ఛందస్సులో గురువే కావచ్చు, ఇక్కడ మాత్రం దానికీ ఒక్క మాత్రే.

లయ పెంచేది మీరు కాదు. తక్‌రార్‌లో ఒకే పంక్తి తిరిగి తిరిగి వస్తుంటే ఒళ్లు ఊగుతుంది, చేతులు ముందుకు ఉరుకుతాయి. ఢోలక్ కదిలాకే కదలండి. హైదరాబాద్ ఖవ్వాలీ గాయకులు వార్సీ సోదరుల కచేరీ చూసినా, కొండపల్లి దర్గా ఉరుసులో ఖవ్వాలీ ముందు కూర్చున్నా, వెనక కూర్చున్నవారి చేతులనే చూడండి. అరచేతులను కాస్త దొప్పలా వంచితే చప్పుడు గుండ్రంగా వస్తుంది. చేతులు చదునుగా కొడితే వచ్చే పలకల మోత నాకు నచ్చదు.

అభ్యాసం: పాట లేకుండా, ఢోలక్ లేకుండా, ఇరవై నిమిషాలు ఆపకుండా చప్పట్లు. అయిదేసి నిమిషాలకు బెజవాడ నుంచి గుంటూరుకు, మళ్లీ వెనక్కు మారాలి. అరచేతులు ఎర్రబడతాయి, పడనివ్వండి. మారేటప్పుడు మధ్యలో మంగళగిరిలో ఆగకూడదు.