ఇంటికి బుర్ర పెడదాం – 7వ పాఠం: కార్డు నిండింది, పూడిక తీద్దాం

పోయిన పాఠంలో ట్యాంకు నిండగానే మోటారు దానంతటదే ఆగేలా చేసుకున్నాం. అది బాగానే పనిచేస్తూ ఉంటుంది. ఒకరోజు అప్‌డేట్ నొక్కితే మాత్రం చోటు చాలదంటుంది. బ్యాకప్ సగంలో ఆగిపోతుంది. ఇవాళ్టి పాఠం ఆ రోజు కోసం.

నాకు ఆ రోజు ఏడాది తిరక్కుండానే వచ్చింది. నా రాస్ప్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్లో ఉన్నది 32 జీబీ మెమరీ కార్డు. నాలుగు స్విచ్చులు, ఒక మోటారు, ఇంతోటి దానికి 32 ఎందుకు నిండుతుందిలే అనుకున్నాను. పైగా ఇంకో తెలివి చేశాను. అందులో ఇంటి స్విచ్చులూ సెన్సర్లూ నడిపే ప్రోగ్రాం, హోమ్ అసిస్టెంట్, మామూలుగా 10 రోజుల చరిత్రే ఉంచుకుంటుంది. మరీ పది రోజులేమిటని దాన్ని 365 చేసి కూర్చున్నాను. ఆ ఏడాది చరిత్రని నేను ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు.

మన కోనసీమ వాళ్లకి ఈ పని వరస కొత్తగా చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, కాటన్ దొర పుణ్యమా అని నీళ్లొచ్చాయి. కాలువలో పూడిక మాత్రం ఎప్పటికప్పుడు మనమే తీసుకోవాలి. దాళ్వా అయ్యి కాలువలు కట్టేశాకే ఆ పని మొదలెడతారు. నీళ్లు పారుతుండగా పలుగూ పారా పట్టుకుని దిగేవాడు ఉండడు. ఇక్కడా అంతే. పైనుంచి వచ్చేది ముందు ఆపాలి, లోపల పేరుకున్నది తర్వాత తియ్యాలి. తీసిన మట్టి పోసుకోడానికి గట్టు మీద కాస్త జాగా కూడా ఉండాలి. ఆ జాగా సంగతి మర్చిపోయే చాలామంది దెబ్బతింటారు.

ఏదీ చెరిపెయ్యకముందు చోటు ఎవరు తింటున్నారో చూడండి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్ తెరిస్తే కార్డు మొత్తం ఎంత, వాడింది ఎంత తెలుస్తుంది. అదే సిస్టమ్ కింద రిపేర్స్‌లోకి వెళ్లి, పైన మూడు చుక్కలు నొక్కి, సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరవండి. రికార్డర్ (కొలతలు రాసుకునే భాగం) అన్న చోట డేటాబేస్ (ఆ రాతలన్నీ ఉండే ఫైల్) సైజు సుమారుగా చూపిస్తుంది. బ్యాకప్స్ పేజీలో ఒక్కో బ్యాకప్ ఎంతుందో పక్కనే ఉంటుంది. ఈ మూడు అంకెలూ కాగితం మీద రాసుకోండి. నిజంగా కాగితం మీదే.

ముందు గట్టు మీద జాగా చేద్దాం, అంటే పాత బ్యాకప్పులు. మా పక్కింటి బాబాయి గారి కార్డులో పద్నాలుగు బ్యాకప్పులున్నాయి. ఎందుకు బాబాయ్ అంటే, "నాలుగు ఎక్కువుంటే ధైర్యం కదరా" అన్నారు. కార్డు పోయిన రోజున పద్నాలుగూ దాంతోపాటే పోతాయి కదా అంటే కాసేపు మాట్లాడలేదు. చివరి రెండింటిని కంప్యూటర్లోకి దించుకోండి, కార్డులో ఒకటి ఉంచి మిగతావి తీసెయ్యండి. ఒక జాగ్రత్త: 2025 జనవరి వెర్షన్ నుంచి దానంతటదే తీసే బ్యాకప్పులకి తాళం పడుతోంది. ఆ తాళంచెవిని ఎమర్జెన్సీ కిట్ పేరుతో ఒక ఫైల్‌గా ఇస్తుంది. అది లేకపోతే తాళం పడిన బ్యాకప్ తెరుచుకోదు. దాన్ని కూడా కంప్యూటర్లో దాచుకున్నాకే చెరపడం మొదలుపెట్టండి.

ఇంకో సంగతి. బ్యాకప్ ఎందుకంత లావుగా ఉందంటే, మామూలుగా దాని కడుపులో డేటాబేస్ కూడా ఉంటుంది. డేటాబేస్ 3 జీబీ అయితే ప్రతి బ్యాకప్‌లోనూ ఆ బరువు పడుతుంది. అందుకే అసలు దొంగ డేటాబేసే.

దాన్ని ఎవరు నింపుతున్నారు? నేను కెమెరా అనుకున్నాను. కాదు, మోటారు దగ్గర పెట్టిన స్మార్ట్ ప్లగ్. మా వీధిలో వోల్టేజీ ఎప్పుడూ ఒకచోట నిలవదు. చుట్టుపక్కల చెరువుల్లో ఏరియేటర్లు వేస్తే ఒక తీరు, ఆపితే ఇంకో తీరు. ఆ ప్లగ్ పది సెకన్లకోసారి కొలత చెబుతుంది. కొలత మారినప్పుడల్లా రికార్డర్ ఒక వరస రాసుకుంటుంది. రోజుకి 8,640 సార్లు. వోల్టేజీ, కరెంటు, వాట్లు అని మూడు కొలతలు కలిపితే దాదాపు 26 వేలు. అదీ ఒక్క ప్లగ్‌కి. ట్యాంకు సెన్సర్ రోజంతా కలిపి వందసార్లు కూడా నోరు విప్పదు. మీ ఇంట్లో వాగుడుకాయలు ఎవరో మీరే వెతకాలి. ఏ సెన్సర్ మీదైనా నొక్కి హిస్టరీ గ్రాఫ్ చూడండి, గీత రంపం పళ్లలా ఉంటే వాడే. వైఫై సిగ్నల్ బలం చెప్పేవి, ఫోన్ నుంచి వచ్చే రకరకాల సెన్సర్లు కూడా సాధారణంగా ఈ బాపతే.

ఇప్పుడు లాకు దించి, వచ్చేది ఆపుదాం. మూడో పాఠంలో తెరిచిన కాన్ఫిగరేషన్ ఫైల్ తెరవండి. రికార్డర్ అని ఒక భాగం మొదలుపెట్టి, దాని కింద ఎక్స్‌క్లూడ్, దాని కింద ఎంటిటీస్, ఆ కింద ఒక్కో వరసలో ఒక్కో సెన్సర్ పూర్తి పేరు (ఎంటిటీ ఐడీ) రాయాలి. సెన్సర్ పేరు ముందు హైఫన్, ఒక ఖాళీ; పైన చెప్పిన మాటల చివర కోలన్ పెట్టాలి. అన్నీ ఇంగ్లీషు చిన్నక్షరాల్లోనే. ఒక్కో మెట్టు దిగినప్పుడు రెండేసి ఖాళీలు, ట్యాబ్ మాత్రం కొట్టకూడదు. ఆ భాగంలోనే పర్జ్ కీప్ డేస్ అన్నది నాలాగా పెంచి ఉంటే తిరిగి 10 చెయ్యండి. ఆ మూడు మాటల మధ్య ఖాళీ బదులు అండర్‌స్కోర్ ఉంటుంది. సేవ్ చేసి, కాన్ఫిగరేషన్ సరిగా ఉందో లేదో చెక్ చేసి, రీస్టార్ట్ చెయ్యండి.

ఇక్కడ అందరికీ వచ్చే భయం ఒకటుంది. వోల్టేజీని రాసుకోవద్దంటే, లోవోల్టేజీలో మోటారు ఆపే ఆటోమేషన్ పనిచేస్తుందా? పనిచేస్తుంది. ఆటోమేషన్ చూసేది ఇప్పటి కొలతని, నిన్నటి పుస్తకాన్ని కాదు. పోయేది గ్రాఫ్ ఒక్కటే. ప్లగ్ చెప్పే యూనిట్ల లెక్కని మాత్రం ఈ జాబితాలో పెట్టకండి. ఎనర్జీ పేజీలో నెలవారీ లెక్క దాని మీదే నిలబడింది, కరెంటు బిల్లుతో సరిచూసుకునేదీ దానితోనే. ఇలాంటి లెక్కలకి గంటకో సారాంశం విడిగా దాచుకుంటుంది, 10 రోజుల తర్వాత కూడా దాన్ని చెరపదు. పోయిన వేసవిలో మోటారు ఎన్ని యూనిట్లు తిన్నదో చూడ్డానికి నా 365 అవసరమే లేదన్నమాట. ముందే తెలిస్తే బాగుండేది.

వచ్చేది ఆగింది కాబట్టి ఇక దిగొచ్చు. డెవలపర్ టూల్స్‌లో యాక్షన్స్ తెరిచి, రికార్డర్ పర్జ్ ఎంచుకోండి. రోజుల దగ్గర 10 పెట్టండి. అప్లయ్ ఫిల్టర్ అన్నదాన్ని ఆన్ చేస్తే, ఇందాక వద్దన్న సెన్సర్ల పాత రాతలు కూడా పోతాయి. రీప్యాక్ కూడా ఆన్ చెయ్యండి. చాలామంది ఇది వదిలేసి, అంతా చెరిపినా సైజు తగ్గలేదేమిటని టెన్షన్ పడతారు. చెరిపినంత మాత్రాన ఫైల్ చిన్నదవదు. కోతయిన చేను ఖాళీగా ఉన్నా గట్లు అక్కడే ఉన్నట్టు, లోపల ఖాళీ ఏర్పడుతుంది గానీ కార్డుకి ఆ చోటు తిరిగి రాదు. రీప్యాక్ చేస్తే ఉన్నదాన్నంతా కొత్తగా సర్ది రాస్తుంది. అలా రాయడానికి తక్కువలో తక్కువ డేటాబేస్ అంత ఖాళీ అయినా కార్డులో ఉండాలి, దానికి రెండింతలుంటే నిశ్చింత. బ్యాకప్పులు ముందే తీయించింది అందుకే.

పాతవి చెరిపే పని అది రోజూ తెల్లవారుజామున 4:12కి తనంతట తాను చేసుకుంటుంది. రీప్యాక్ నెలకోసారి, రెండో ఆదివారం. మీరు చేతితో చేసేటప్పుడు మాత్రం ఇన్వర్టరు ఉన్నప్పుడే చెయ్యండి. ఈదురుగాలి ఉన్న రోజు అసలు ముట్టుకోకండి. డేటాబేస్ పెద్దదైతే ఎక్కువసేపు పడుతుంది, ఆ కాసేపూ అంతా నెమ్మదిగా కదులుతుంది. ఆగిపోయిందనుకుని ప్లగ్ పీకొద్దు.

నేను పీకలేదు గానీ కరెంటే పోయింది. రాయడం మధ్యలో కరెంటు పోయి డేటాబేస్ చెడిపోతే, హోమ్ అసిస్టెంట్ దాన్ని పారెయ్యదు. పేరు చివర కరప్ట్ అని, తేదీ తగిలించి పక్కన పెట్టి, కొత్తది మొదలుపెడుతుంది. మనకి తెలియకుండా అది అలాగే పడి ఉంటుంది. నా కార్డులో అలాంటివి రెండు దొరికాయి, కలిపి 5 జీబీ. సాంబా షేర్ (కార్డులోని ఫోల్డర్లని మన కంప్యూటర్ నుంచి తెరవనిచ్చే యాడాన్) ద్వారా కాన్ఫిగ్ ఫోల్డర్ తెరిచి చూడండి. పేరులో కరప్ట్ అని ఉన్నవి తీసెయ్యొచ్చు. వాటి పక్కనే వాల్, ఎస్‌హెచ్‌ఎమ్ అని ముగిసే చిన్న ఫైళ్లు కనిపిస్తాయి. అవి నడుస్తున్న డేటాబేస్‌వి, చెయ్యి పెట్టకండి.

మిగతావి చకచకా అయిపోతాయి. మోజు కొద్దీ వేసి వాడని యాడాన్లు, అంటే అదనపు ప్రోగ్రాములు, తీసెయ్యండి. కెమెరా రికార్డింగులు ఈ కార్డులోకే వెళుతుంటే రోజులు తగ్గించండి. కొబ్బరి దింపు అయ్యాక రాశి దగ్గర కాపలాకి మూడు రోజుల వీడియో చాలు, ముప్పై రోజులది ఎవరు చూస్తారు?

అన్నీ అయ్యాక ఒక కొత్త బ్యాకప్ తీసి దాని సైజు చూడండి. నాది 2.8 జీబీ నుంచి 310 ఎంబీకి దిగింది.

అభ్యాసం: కాగితం మీద రాసుకున్న మూడు అంకెల పక్కన కొత్త అంకెలు వెయ్యండి. వారం ఆగి డేటాబేస్ సైజు మళ్లీ చూడండి. ఇంకా గబగబా పెరుగుతుంటే ఏదో వాగుడుకాయ మీ చేతికి చిక్కలేదన్నట్టే, గ్రాఫులు మళ్లీ తిరగెయ్యండి. వచ్చే పాఠంలో ఈ కార్డు నుంచి ఎస్‌ఎస్‌డీకి మారదాం. 128 జీబీది, యూఎస్‌బీ కేసుతో సహా తెచ్చి ఉంచండి. అందులో పెళ్లి ఫొటోలూ అవీ ఉంటే ముందే వేరేచోటికి మార్చుకోండి, మార్పిడిలో అది మొత్తం తుడిచేస్తుంది.