స్కైరిమ్‌లో లెవెల్ పెరిగినా బలం పెరగకపోతే: సమస్య, కారణం, పరిష్కారం

పీసీలో స్కైరిమ్ స్పెషల్ ఎడిషన్ అనే వీడియో గేమ్ ఆడేవాళ్లకోసం ఇది. ఆట ఇబ్బంది పెట్టగానే చాలామంది డిఫికల్టీ తగ్గిస్తారు, లేదా ఇంకో మోడ్ (ఆటను మార్చే అదనపు ఫైళ్లు) దించుకుంటారు. ఆ రెండూ కాసేపు ఆపండి. ముందు స్కిల్స్ పేజీ తెరిచి, ఏ స్కిల్ ఎంతలో ఉందో చూడండి. సగం సమస్యలకు కారణం అక్కడే కనిపిస్తుంది.

సమస్య: లెవెల్ 14కి వచ్చాను, మామూలు బందిపోటు కూడా రెండు దెబ్బల్లో చంపేస్తున్నాడు

కారణం: కత్తి తిప్పినా, మందు నూరినా ఆటకు ఒకటే. మొత్తం 18 స్కిల్స్ ఉన్నాయి, అన్నీ ఒకే ఖాతాలో పాయింట్లు వేస్తాయి. ఏదైనా స్కిల్ 19 నుంచి 20కి పెరిగితే పాత్రకు 20 పాయింట్లు, 49 నుంచి 50కి పెరిగితే 50 పాయింట్లు. తర్వాతి లెవెల్‌కి ఎన్ని కావాలో తెలియాలంటే ఇప్పుడున్న లెవెల్‌ని 25తో గుణించి 75 కలపండి. లెవెల్ 1లో 100 కావాలి, లెవెల్ 14లో 425 కావాలి.

ఇప్పుడు స్మితింగ్ (ఆయుధాలు, కవచాలు చేసే స్కిల్) ఒక్కటే 15 నుంచి 50కి తీసుకెళ్లారనుకోండి. 16 నుంచి 50 దాకా అన్నీ కూడితే 1155. పాత్ర లెవెల్ 7కి వచ్చేస్తుంది. ఎన్‌చాంటింగ్ (వస్తువులకు మంత్రశక్తి ఎక్కించడం) కూడా 50కి తెస్తే మొత్తం 2310, అంటే లెవెల్ 11. ఆల్కెమీ (మందులు నూరడం) కూడా కలిస్తే 3465, లెవెల్ 14. కత్తి ఒరలోంచి ఒక్కసారి కూడా తీయలేదు, వన్ హ్యాండెడ్ (ఒంటిచేతి ఆయుధాల స్కిల్) ఇంకా 15లోనే ఉంది. శత్రువులు మాత్రం మీ లెవెల్ చూసి వస్తారు. డ్రాగర్లలో (సమాధుల్లో తిరిగే శవాలు) వైట్ రకం లెవెల్ 13ది, బందిపోట్లలో హైవేమ్యాన్ లెవెల్ 14ది. మీ ఎదుట నిలబడేది వాళ్లే.

పరిష్కారం: కొత్త ఆట మొదలుపెట్టక్కర్లేదు. పై లెక్కే ఇక్కడ పనికొస్తుంది. తక్కువలో ఉన్న స్కిల్‌ని పెంచితే పాత్రకు పడే పాయింట్లు తక్కువ. వన్ హ్యాండెడ్‌ని 15 నుంచి 30కి తెచ్చినా పడేవి 345 మాత్రమే, లెవెల్ 14లో అది ఒక్క లెవెల్‌కి కూడా సరిపోదు. అంటే శత్రువులు దాదాపు అక్కడే ఆగి ఉంటారు, మీ దెబ్బ బరువెక్కుతుంది.

ముందు క్రాఫ్టింగ్ (పైన చెప్పిన మూడు తయారీ స్కిల్స్) పూర్తిగా ఆపండి. ఖర్చు చేయని పెర్కులు (లెవెల్ పెరిగినప్పుడు ఎంచుకునే ప్రత్యేక సామర్థ్యాలు) ఉంటే వన్ హ్యాండెడ్‌లోని ఆర్మ్స్‌మ్యాన్‌లో పెట్టండి, ఒక్కో మెట్టుకు 20 శాతం దెబ్బ పెరుగుతుంది. రెండో మెట్టుకు స్కిల్ 20, మూడో మెట్టుకు 40 ఉండాలి. తర్వాత శిక్షకుల దగ్గరికి వెళ్లండి. ఒక్కో లెవెల్‌లో ఐదు పాఠాలే ఇస్తారు, వాడుకోనివి తర్వాతి లెవెల్‌కి జమ కావు. వైట్‌రన్‌లో జోర్వాస్కర్‌కి వెళ్తే ఏథిస్ వన్ హ్యాండెడ్, న్యాడా బ్లాక్, ఏలా ఆర్చరీ, ముగ్గురూ 75 దాకా నేర్పుతారు. విల్లు వాడేవాళ్లు రివర్‌వుడ్‌లో ఫెయెండల్‌తో మొదలుపెట్టడం మేలు. అతను 50 దాకా నేర్పుతాడు. అక్కడి చిన్న ఉత్తరం పని అతని పక్షాన చేసిపెడితే తోడుగా వస్తాడు, పాఠానికి ఇచ్చిన బంగారాన్ని అతని సంచిలోంచే తిరిగి తీసుకోవచ్చు.

రివర్‌వుడ్ దారిలో ఉన్న గార్డియన్ స్టోన్స్‌లో వారియర్ రాయిని తాకితే యుద్ధ స్కిల్స్ 20 శాతం వేగంగా పెరుగుతాయి. తొలిరోజు తాకిన థీఫ్ రాయి ఇంకా అలాగే ఉందేమో చూసుకోండి, చాలామంది దాన్ని మార్చడమే మరిచిపోతారు.

స్మితింగ్ పెంచాలనుకునేవాళ్లకు ఒక మాట: ఇనుప బాకులు వందలకొద్దీ చేయమనే సలహా పాతబడింది. ఇప్పుడు అనుభవం వస్తువు విలువను బట్టి వస్తుంది. హాల్టెడ్ స్ట్రీమ్ క్యాంప్‌లో ట్రాన్స్‌మ్యూట్ మంత్రం దొరుకుతుంది. దానితో ఇనుప ఖనిజం వెండిగా, వెండి బంగారంగా మారుతుంది. ఆ బంగారంతో ఉంగరాలు చేయండి.

సమస్య: ఒక స్కిల్‌ని లెజెండరీ చేశాక ఎవరినీ కొట్టలేకపోతున్నాను

100లో ఉన్న స్కిల్ 15కి పడిపోయింది, లెవెల్ మాత్రం తగ్గలేదు. పెర్కులు వెనక్కి వచ్చి ఉంటాయి, వాటిని మీరు ఇప్పుడు వాడుతున్న ఆయుధానికి మళ్లించండి. ఇకమీదట లెజెండరీ చేసేది మీ ప్రాణం ఆధారపడని స్కిల్ కావాలి. ఇల్యూజన్, ఆల్టరేషన్ అనే మంత్రాల స్కిల్స్ అందుకు బాగుంటాయి.

సమస్య: మంత్రాలు తప్ప ఇంకేమీ వాడనని నియమం పెట్టుకున్నాను, లెజెండరీ డిఫికల్టీలో ఒక్క తోడేలు కూడా చావట్లేదు

కారణం: నియమం మంచిదే, దానికి జతపెట్టిన డిఫికల్టీ తప్పు. అడెప్ట్‌లో మీరు కొట్టేదీ తినేదీ ఉన్నది ఉన్నట్టే. ఎక్స్‌పర్ట్‌లో కొట్టేది 0.75, తినేది 1.5 రెట్లు. మాస్టర్‌లో 0.5, 2. లెజెండరీలో 0.25, 3. ఫైర్‌బోల్ట్ అనే నిప్పు మంత్రం దెబ్బ 25 అయితే లెజెండరీలో ఆరు మీద కాస్త మాత్రమే తగులుతుంది. మొదట్లో ఉండే 100 మ్యాజికాతో (మంత్రాలకు ఖర్చయ్యే శక్తి) దాన్ని రెండుసార్లు వేయవచ్చు, మూడోసారికి చాలదు.

ఇంకో సంగతి. డిస్ట్రక్షన్ (దాడి మంత్రాల) స్కిల్ ఎంత పెరిగినా మంత్రం దెబ్బ పెరగదు, ఖర్చే తగ్గుతుంది. కత్తికీ విల్లుకీ అలా కాదు, స్కిల్‌తోపాటు దెబ్బ కూడా పెరుగుతుంది. అందుకే యోధుడు నెట్టుకొచ్చే చోట మంత్రగాడు చతికిలపడతాడు.

పరిష్కారం: ఎక్స్‌పర్ట్‌కి దిగండి. అప్రెంటిస్ డిస్ట్రక్షన్ పెర్క్ స్కిల్ 25లో దొరుకుతుంది, ఫైర్‌బోల్ట్ తరగతి మంత్రాల ఖర్చు సగమవుతుంది. 20లో డ్యూయల్ కాస్టింగ్, 40లో ఇంపాక్ట్ తీసుకోండి. రెండు చేతులతో కలిపి వేస్తే ఖర్చు 2.8 రెట్లు, ఫలితం 2.2 రెట్లే. లెక్కలో నష్టమే అయినా ఇంపాక్ట్ ఉంటే శత్రువు ప్రతి దెబ్బకూ తూలి వెనక్కి పడతాడు, దగ్గరికి రాలేడు. మంత్రగాడి ఛాలెంజ్ బతికేది ఆ ఒక్క పెర్క్ మీదే.

ఎన్‌చాంటింగ్ 100 చేసి ధరించే నాలుగు వస్తువులకు 25 శాతం చొప్పున డిస్ట్రక్షన్ ఖర్చు తగ్గిస్తే మంత్రాలు పూర్తిగా ఉచితమవుతాయి. అప్పుడిక ఛాలెంజ్ అనేది మిగలదు. "క్రాఫ్టింగ్ చేయను" అన్న షరతును మొదటిరోజే నియమాల్లో చేర్చండి.

సమస్య: చనిపోతే ఆట అయిపోయినట్టే అనుకున్నాను, మళ్లీ మళ్లీ పాత సేవ్‌కి వెళ్తున్నాను

మీ పట్టుదలను అనుమానించే ముందు సెట్టింగ్స్ చూడండి. నిద్రపోయినా, వెయిట్ చేసినా, ప్రయాణించినా ఆట తనంతట తనే సేవ్ చేస్తుంది. ఆ ఆటోసేవ్‌లన్నీ ఆపేసి, ఒకే ఒక సేవ్ ఉంచి, సత్రంలో పడుకునే ముందు మాత్రమే దాని మీదే సేవ్ చేయండి. నేలలోంచి జారి పడిపోవడం, క్రాష్ లాంటివి చావుగా లెక్కించాలా వద్దా అన్నది ముందే కాగితం మీద రాసుకోండి. చచ్చాక రాసే నియమం నిలవదు.

సమస్య: నిన్నటిదాకా నడిచిన మోడ్స్ ఈరోజు మెనూ కూడా రాకుండా క్రాష్ అవుతున్నాయి

కారణం దాదాపు ఎప్పుడూ స్టీమ్ అప్‌డేటే. చాలా మోడ్స్‌కి ఆధారమైన స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్ అనే ప్రోగ్రామ్ ఆట వెర్షన్‌తో అచ్చంగా కలవాలి: ఆట 1.5.97 అయితే ఎక్స్‌టెండర్ 2.0.20, ఆట 1.6.640 అయితే 2.2.3, స్టీమ్‌లోని 1.6.1170 అయితే 2.2.6. ఎక్స్‌టెండర్‌తో నడిచే మోడ్స్‌కి కావలసిన అడ్రస్ లైబ్రరీ కూడా 1.5కి వేరు, 1.6కి వేరు. ఆట ఎగ్జిక్యూటబుల్ ఫైల్ ప్రాపర్టీస్‌లో వెర్షన్ చూసుకుని జత సరిచేయండి. స్టీమ్‌లో "ఆట తెరిచినప్పుడే అప్‌డేట్" ఎంచుకుని, ఆటను ఎప్పుడూ మోడ్స్‌ని నిర్వహించే మోడ్ ఆర్గనైజర్ 2 ప్రోగ్రామ్‌లోంచి ఎక్స్‌టెండర్ లోడర్‌తోనే తెరవండి.

వెర్షన్లు కలిసినా క్రాష్ ఆగకపోతే ఏదో ప్లగిన్‌కి (మోడ్ మార్పులున్న ఫైల్) మాస్టర్ ఫైల్, అంటే అది ఆధారపడే ఇంకో ఫైల్, లేదేమో చూడండి, మోడ్ ఆర్గనైజర్ కుడి పేన్‌లో హెచ్చరిక గుర్తు వేస్తుంది. పాత వెర్షన్ ఆడుతూ కొత్తగా వచ్చిన ప్లగిన్ వేసినప్పుడే క్రాష్ అయితే, బ్యాక్‌పోర్టెడ్ ఎక్స్‌టెండెడ్ ఈఎస్ఎల్ సపోర్ట్ అనే మోడ్ కావాలి. మామూలు ప్లగిన్లు మొత్తం 254 దాటకూడదు, లైట్ ప్లగిన్లకు వేరే చోటుంది.

సమస్య: ఒక మనిషి ముఖం మాత్రం బూడిద రంగులో నల్లగా ఉంది, మెడ మామూలుగానే ఉంది

ముఖం రెండు చోట్ల ఉంటుంది. మనిషి వివరాలు ప్లగిన్‌లో, ముందే అచ్చుపోసిన తల ఫేస్‌జెన్ ఫైల్‌లో. వివరాలు ఒక మోడ్‌వీ, తల ఇంకో మోడ్‌దీ అయితే ఆట వాటిని కలపలేక ముఖాన్ని నల్లగా వదిలేస్తుంది.

ప్లగిన్లలోని వివరాలు చూపే ఎస్ఎస్ఈ ఎడిట్ ప్రోగ్రామ్‌లో ఆ మనిషి రికార్డు తెరవండి. కుడి చివరి నిలువు వరసలో ఏ ప్లగిన్ ఉందో దానిదే చివరి మాట. ఆ మోడ్‌నే మోడ్ ఆర్గనైజర్ ఎడమ పేన్‌లో మిగతా ముఖాల మోడ్స్ కంటే కిందికి దించండి. గెలిచిన ప్లగిన్ ముఖాన్ని ముట్టుకోకుండా కేవలం దుస్తులు మార్చేదైతే, ముఖం వివరాలనూ దుస్తుల మార్పునూ కలిపిన చిన్న ప్యాచ్ చేసి చివర పెట్టాలి.

ఊదారంగులో మెరిసే వస్తువైతే టెక్స్చర్ (పైపూత బొమ్మ) ఫైల్ లేదు, ఎర్రటి ఆశ్చర్యార్థకం కనిపిస్తే మెష్ (ఆకారం ఫైల్) లేదు. ఆ మోడ్‌ని మళ్లీ పూర్తిగా ఇన్‌స్టాల్ చేయండి.

సమస్య: స్కిల్ ట్రీ ఖాళీగా, లేదా రెండు ట్రీలు కలిసిపోయినట్టు కనిపిస్తోంది

ఆర్డినేటర్, వోక్రి, అడమంట్ లాంటి, పెర్కుల ట్రీలను మార్చే మోడ్స్‌లో ఒకటే ఉండాలి. రెండుంటే ఒకటి తీసేసి కొత్త పాత్రతో మొదలుపెట్టండి. నడుస్తున్న సేవ్‌లోంచి స్క్రిప్టులున్న మోడ్‌ని తీస్తే దాని అవశేషాలు సేవ్‌లోనే మిగిలిపోతాయి, పదిగంటల తర్వాత ఏదో సంబంధం లేని చోట బయటపడతాయి. తీయక తప్పకపోతే ఆ మోడ్ పెట్టకముందు చేసిన సేవ్‌కి వెళ్లి అక్కడినుంచి ఆడండి.