కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగితే

ముందు మోత ఎలా ఉందో వినండి. నాలుగు బీప్‌లు, చిన్న విరామం, మళ్లీ నాలుగు: చాలా అలారాల్లో కార్బన్ మోనాక్సైడ్ గ్యాస్ ఉందని దీని అర్థం. నిమిషానికోసారి ఒక్క కీచు వస్తే బ్యాటరీ అయిపోవచ్చింది, లేదా సెన్సర్ కాలం తీరింది. ఏదో తేలకపోతే గ్యాస్ అనుకునే కదలండి.

వాసన రావట్లేదు కదా అని ఆగొద్దు. ఈ వాయువుకు రంగూ వాసనా ఉండవు. నిద్రపోతున్నవాళ్లను లేపి, అందరినీ బయటికి తీసుకెళ్లి, తలలు లెక్కపెట్టండి. దారిలో చేతికందితే స్టవ్, హీటర్ కట్టేయండి, అంతే. కిటికీలు తెరవడానికి గదులన్నీ తిరగొద్దు. అత్యవసర సేవలకు ఫోన్ బయటినుంచే చేయండి.

తలనొప్పి, తల తిరగడం, వాంతి, మగత ఎవరికున్నా ఆ మాట ఫోన్‌లోనే చెప్పండి. వేలికి పెట్టే ఆక్సీమీటర్ 98 చూపినా నమ్మొద్దు: కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ను కూడా అది ఆక్సిజన్ ఉన్నట్టే లెక్కేస్తుంది. సరైన అంకె రక్తపరీక్షలోనే తేలుతుంది.

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే: తలుపులు తీశాక అలారం ఆగుతుంది, లోపలికి వెళ్లిపోతారు. గాలి మారింది గానీ గ్యాస్ పుట్టేచోటు అలాగే ఉంది. సిబ్బంది మీటరుతో కొలిచి సరేననేదాకా బయటే ఉండండి. తర్వాత గీజర్, హీటర్ పొగగొట్టాలు మెకానిక్‌కు చూపించాకే వెలిగించండి. జనరేటర్ అయితే ఇంటికి కనీసం 6 మీటర్ల దూరంలో, పొగ ఇంటివైపు రాకుండా అవతలికి పోయేలా పెట్టాలి.